గ్రైండర్ గూడూరు దాటింది

అప్పటికి నేను రిటైరై నాలుగు నెలలు. వయసు అరవై దాటినా, ఖాళీగా కూర్చోవడంలో ఇంకా పసివాణ్ణే కాబట్టి దీన్ని నా చిన్నతనపు ముచ్చటగానే చెప్పుకుంటాను. ఆ రోజుల్లో కోవూరులో మా వీధికి ఏ పార్సిల్ వచ్చినా మా అరుగు మీదే దించి పోయేవారు. పగటిపూట మనిషి దొరికే ఇల్లు మాదొక్కటే. నేను టైము డైరీలో రాసుకొని, చొక్కా తొడుక్కొని, సదరు ఇంటికి వెళ్ళి "మీకు పార్సిల్ వచ్చింది" అని చెప్పి వచ్చేవాణ్ణి. (ముప్పై ఏళ్ళు ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్ చూసినవాణ్ణి. ఒక సంగతి ముందుగా తెలుసుకొని ఇంకొకరికి తెలియజేయడంలో ఉండే హాయి మరిగినవాణ్ణి.) ఆ మాటకు అవతలివాళ్ళ మొహం వెలిగితే, ఆ పూటకు నాకు ఉద్యోగం ఉన్నట్టే ఉండేది.

ఆ కాస్త ఉద్యోగాన్నీ ఊడబెరికినవాడు మా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త. వీధి చివర ఇల్లు. ఒకరోజు అతని పార్సిల్ సంగతి చెప్పడానికి ఎండనపడి వెళితే, మంచం మీద నుంచి లేవకుండానే "తెలుసులే అన్నా. పదీ ఇరవైకి మీ ఇంట్లో దించినారు గదా! అలర్ట్ వచ్చింది" అన్నాడు. నా డైరీలో పదీ ఇరవై రెండు అని ఉంది. అంటే, నా అరుగు మీద జరిగిన సంగతి నాకంటే రెండు నిమిషాలు ముందు అతనికి తెలిసింది! ఆ తరువాత అతనికి పట్టపగ్గాల్లేవు. "అన్నా, నా చార్జర్ గూడూరు దాటింది." "అన్నా, చెప్పులు పెన్నా బ్రిడ్జి మీదుండాయి." చివరికి నా భార్య కూడా "మా మరిదికి అన్నీ ముందే తెలుస్తాయి" అనడం మొదలుపెట్టింది. ఆ మాట మొదట విన్న రాత్రి డైరీలో ఏమీ రాయలేక తారీఖు మాత్రం వేసి మూసేశాను.

నాకూ అలర్టులు కావాలి. అలర్టు కావాలంటే పార్సిల్ ఉండాలి. రోలు దగ్గర కూర్చుని లేచేసరికి నా భార్యకు నడుం పట్టేస్తోంది కాబట్టి, ఆమెకు తెలియకుండా ఒక గ్రైండర్ ఆర్డరు పెట్టాను. సరిగ్గా బండి వీధి మలుపు తిరిగే వేళకు, పేపరు చదువుతూ, తల ఎత్తకుండా "ఇంకో రెండు నిమిషాల్లో నీకొకటి వస్తుంది, తలుపు తియ్యి" అనాలి. ఆమె నోట "మా ఆయనకు అన్నీ ముందే తెలుస్తాయి" అనిపించుకోవాలి. నాకు కావలసింది అంతే.

అలర్టుల ఫారం నింపడానికి ఒక ఉదయమంతా పట్టింది. (ముందు తెల్లకాగితం మీద చిత్తుప్రతి రాసుకున్నాను.) అందులో 'సమాచారం ఎవరికి పంపాలి?' అని ఒక గడి ఉంది. నా సర్వీసులో మాకు మేమే సమాచారం పంపుకున్న దాఖలా ఒక్కటీ లేదు. తెలియజేయడమంటే ఇంకొకరికి తెలియజేయడమే. ఆర్డరు పెట్టింది నా ఫోను, దానికి ఎలాగూ తెలుస్తుంది. కాబట్టి ఆ గడిలో మా తోడల్లుడి నంబరు వేశాను. మోగనీ! నా గ్రైండర్ గూడూరు దాటిన సంగతి అతని జేబులో మోగనీ!

తరువాత ఐదు రోజులు నా ఫోను నోరు మెదపలేదు. గంటగంటకూ చూసి, 'మెసేజ్ లేదు' అని డైరీలో రాసుకుంటూ పోయాను. తోడల్లుడు ఎదురుపడితే మాత్రం ఎందుకో నవ్వి, గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు. మొహం కళకళలాడుతుండేది. అది చూసి ఇంకొంచెం కుళ్ళుకున్నాను.

ఆరోనాడు, ఏ హెచ్చరికా లేకుండా, పెద్ద పెట్టె మా గుమ్మంలో దిగింది. నా భార్య చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఓటీపీ చెప్పండి సార్" అన్నాడు తెచ్చినతను. నాకేమీ రాలేదన్నాను. "చివర రెండు సున్నాలుండే నంబరుకు పొయ్యింది సార్" అన్నాడు. (తోడల్లుడి నంబరులోని ఆ రెండు సున్నాల మీద కూడా నాకు చాలాకాలంగా కన్నుంది.) చేసిన ఘనకార్యం అప్పటికి తలకెక్కింది. నంబరు రాసుకోవడానికి చేతులు ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టి అతనికి ఫోను చేశాను. మరదలు ఎత్తింది.

"ఓటీపీనా? అది మా గ్రైండర్‌ది గదా బావా! మళ్ళీ మీ ఇంట్లోనే దించినారా? వారం నుంచి ఈయన ఫోనుకు మెసేజులొస్తుంటే చూసి, నాకు చెప్పకుండా తెప్పిస్తుండాడని తెలిసిపొయ్యింది. పాత గ్రైండర్ నిన్ననే పనామెకి ఇచ్చేసినా!"

వెనక నుంచి తోడల్లుడి గొంతు సన్నగా వినిపించింది. "నేను తెప్పిస్తుండానని అన్లేదే! కాదని... కాదని కూడా అన్లా, అంతే."

నా భార్య పెట్టె వంక, నా వంక చూసింది. "ఎవరిదండీ ఇది?"

పెద్దమనిషినైతే సర్దుకుపోయేవాణ్ణి. "నీకే! నేనే తెప్పించినా!" అని స్పీకరులో వీధంతా వినపడేలా అరిచాను. నా భార్య ఫోను అందుకొని, "ఏమే, నానబోసిన బియ్యం పట్టుకొని రా. ఇక్కడే రుబ్బుకుందాం. ముందు ఆ నంబరు చెప్పు" అంది.

సాయంత్రం పిండి గిన్నె మోసుకెళ్ళడానికి వచ్చిన తోడల్లుడు నా పక్కన కూర్చున్నాడు. "ఐదు రోజులు రోజూ చేపల పులుసు పెట్టిందన్నా. కాదని చెప్పేదానికి నోరు రాలా" అన్నాడు. లోపలి నుంచి నా భార్య గొంతు వినిపించింది. "ఇంత పెద్దది తెప్పించినారే, ఎక్కడ పెట్టేది దీన్ని?"

ఆనాటి డైరీలో ఒక్క వాక్యమే ఉంది: 'తెప్పించింది నేను, పులుసు తిన్నది అతను.' కలం ఎంత గట్టిగా నొక్కానో, మరుసటి పేజీ మీద కూడా ఆ అక్షరాలు దిగాయి. ఇప్పుడు ఆ పేజీ మీద వేళ్ళతో తడిమి చూస్తుంటాను. పోనీలేరా అబ్బాయ్ అని, ఆ అరవై ఏళ్ళ కుర్రవాణ్ణి కాసేపు పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.