బొట్టు తుడవని బోను బండి

మా తమ్ముడు కొన్న బండికి ఊర్లోవాళ్ళు పెట్టిన పేరు బోను బండి. నాలుగు సీట్లు, నెత్తిన ఇనుప కడ్డీలు, తలుపులకు అద్దాల్లేవు. గొర్లు తొక్కిన గుట్టదారుల్లో ఎగిరెగిరి పోయేదానికే చేసిన బండి. బెంగళూరోళ్ళు దాన్ని సైడ్ బై సైడ్ అంటారంట. నాకైతే సంతకు కోళ్ళను తీసకపోయే గంప మాదిరి కనపడతాది. దానికి నంబరు ప్లేటు లేదు, తారురోడ్డు ఎక్కకూడదు. అందుకని సోమందేపల్లి పక్కనుండే మా ఊర్నించి పెనుకొండ గుట్టల దాకా దాన్ని చిన్న లారీలో ఎక్కించుకోని పోతాడు. బండిని మోసేదానికి ఇంకో బండి! థూ, ఏం సోకు అది.

ఎందుకు కొన్నాడో చెప్తే నవ్వుతారు. వానికి పిల్ల దొరకలేదు. దానిమ్మ తోట ఉండాది, బోర్లో నీళ్ళుండాయి, ఒక్కడే కొడుకు. అయినా సేద్యం చేసేవోనికి పిల్లనిచ్చేవోళ్ళు ఎవరుండారు ఈ కాలంలో? వచ్చినోళ్ళంతా "అబ్బాయి బెంగళూర్లో ఏమన్నా చేస్తాండాడా?" అని అడిగి, కాఫీ తాగి, మళ్ళా ఫోను చెయ్యనోళ్ళే. దాంతో మావోనికి పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడు. బెంగళూరు పోకుండానే బెంగళూరోని మాదిరి కనపడాలని, యాడనో ఎవరో వాడి వదిలేసిన ఆ బండిని ఇంటికి తెచ్చినాడు.

ఆడదానికి బండ్ల సంగతి ఏం తెలుసునని అడగొద్దు. హిందూపురంలో మాది స్పేర్ పార్ట్స్ అంగడి. మా ఆయన సరుకు కోసం తిరుగుతాంటాడు, గల్లాపెట్టె కాడ కూర్చునేది నేనే. ఎయిర్ ఫిల్టర్ మార్చమని వచ్చేవోడు అమావాస్యకో పున్నానికో కనపడతాడు. లైట్లు, స్టిక్కర్లు, హారన్లు అడిగేవోడు దినామూ వస్తాడు. నా తమ్ముడు ఆ రెండో రకం. ముందు లావు టైర్లు ఎక్కించినాడు. ఆ బరువుకు ఇంజన్ మూలుగుతాంటే నెత్తిన వరసగా లైట్లు పెట్టించినాడు. ఆమీద పాటల డబ్బాలు, ముందర ఎద్దు గుద్దినా చెదరని ఇనుప బంపరు. తా దూర సందు లేదు, మెడకో డోలంట! ఫిల్టర్ మాత్రం కొన్ననాటి నుంచి ఊడదీసి దులిపిన పాపాన పోలేదు. మా పక్క దుమ్ము ఎట్లుంటాదో చెప్పల్లా? అడిగితే, "అక్కా, నీకు ఆటోల సామాన్లు తెలుసు. ఇది వేరే లెవెల్" అన్నాడు. లెవెలంట, లెవెలు!

ఇంక మా అమ్మ. కొత్త సామాను ఎక్కినప్పుడల్లా బండికి పూజ చెయ్యాల్సిందే. ముందర జాలీకి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి ఆ నీళ్ళు దానిమీదనే పోస్తాది. ఆ జాలీ ఎనకాలనే రేడియేటర్ ఉండేది. ఇంజన్ వేడిని లాగే నీళ్ళు దాంట్లో తిరుగుతాంటాయి, ముందర్నించి గాలి తగిలితేనే అవి చల్లబడేది. పసుపుమీద దుమ్ము, దుమ్ముమీద కుంకుమ, దానిమీద మళ్ళా పసుపు. గోడకు మెత్తినట్టు మెత్తుకోనిపోయింది. ఒకసారి నేను పుట్టింటికి పోయినప్పుడు చూడలేక పైపు పట్టుకోని కడగబోతే మా అమ్మ ఉరికొచ్చింది.

"పెండ్లి కావాల్సిన పిల్లోని బండి. బొట్టు తుడుస్తావేమే? నీకేమన్నా మతి ఉండాదా?"

"అమ్మా, దానికి గాలి ఆడదు" అంటే, "అన్నిటికీ దేవుడే ఉండాడు, నువ్వు గమ్మునుండు" అనింది. మావోడు పక్కనే నిలబడుకోని పండ్లికిలించినాడు.

అట్లా ఉండగా ధర్మవరం నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్ల అక్కడ స్కూల్లో పాఠాలు చెప్తాది. ఇల్లూ వాకిలీ చూసుకునేదానికి వాళ్ళ పిన్నమ్మను తోడు తీసుకోని తనే వచ్చింది. వచ్చీ రాంగానే "తోట యాడ? చూపిస్తారా?" అని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సేద్యం చేసేవోడే కావాలనుకునే పిల్ల మా ఇంటి గడప తొక్కుతాదని కల్లో గూడా అనుకోలేదు. ఈ సంబంధం ఒక్కటి కుదిరితే చాలు దేవుడా అనుకున్నా. మావోడు ఏం చేసినాడంటే, తోట సంగతి రెండు మాటల్లో తేల్చేసి లైట్ల గురించి చెప్పడం మొదలుపెట్టినాడు. ఆమీద "గుట్టమీదికి పోదాం రండి" అని బయల్దేరదీసినాడు. బంగారమట్లా పిల్లను పెట్టుకోని లైట్ల గురించి చెప్తాడా ఎవడన్నా!

గుట్టకింద లారీలోంచి బండి దించినాక, ముందర వాడు, పక్కన ఆ పిల్ల. ఎనక నేను, వాళ్ళ పిన్నమ్మ. పెనుకొండ పక్క గుట్టదారి, మట్టమధ్యాన్నం ఎండ. సగం ఎక్కినామో లేదో కాలిన వాసన కొట్టింది. తొంగి చూస్తే వాని ముందర ఎర్ర లైట్ వెలుగుతాండాది.

"ఒరేయ్, ఇంజన్ కాగిపోతాండాది, ఆపురా!" అని అరిచినా.

"ఏం కాదులే అక్కా" అని పాటల సౌండు పెంచినాడు. ఆ పిల్ల ఆ లైట్ పక్కా, వాని మొగం పక్కా మార్చి మార్చి చూస్తానే ఉండింది.

ఇంకో మలుపు తిరిగేసరికి బుస్సుమని ఆవిరి లేచింది, బండి నిలబడిపోయింది. పిన్నమ్మ గోవిందా గోవిందా అంటా కిందికి దూకింది. మావోడు "ఎండ ఎక్కువుండాది, అందుకే" అని టైరును కాలితో తన్నినాడు. పైన పటారం, లోన లొటారం! ఆ పిల్ల వంగి జాలీని వేలితో గీకితే పసుపు పెచ్చు ఊడొచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మ బొట్టు సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసినా. ఆ పిల్ల నవ్వింది.

"మా ఇంట్లో గూడా అంతేలే అక్కా" అని, వాని పక్కకు తిరిగి అడిగింది, "ఎర్ర లైట్ మీరు చూసినారా?"

"చూసినా."

"మరి ఎందుకు ఆపలేదు?"

"పక్కన మీరుండారు కదా" అన్నాడు, అదేదో గొప్ప మాట అయినట్టు. అందరమూ నడిచి కిందికి దిగినాం.

ఆ వారంలోనే ఆ పిల్ల నాకు ఫోను చేసింది. మావోడు ఆ పొద్దు మా అంగడికే వచ్చి, గల్లాపెట్టె ముందర కూర్చోనుండాడు.

"అక్కా, సేద్యం గురించి కాదు, అత్తమ్మ బొట్ల గురించీ కాదు" అనింది ఆ పిల్ల. "లైట్ వెలిగింది ఆయన చూసినాడు. నువ్వు అరిచినావు గూడా. అయినా నా ముందర పరువు పోతాదని ఆపలేదు. రేపు ఇంట్లో ఏదన్నా తప్పుదారి పడితే, అది గూడా ఆపడు కదక్కా. నాకు భయంగా ఉండాది. వద్దనుకుంటాండా."

ఒక్కసారి ఆలోచించమ్మా అని అడగాలని ఉండింది, అడిగేదానికి మొగం లేదు. ఇట్లాంటి పిల్ల మళ్ళా యాడ దొరుకుతాది వీనికి?

మావోడు గల్లాపెట్టె మీదికి వంగి, కండ్లింత చేసుకోని అడిగినాడు, "ఏమంట అక్కా? బండి గురించే కదా? పెద్ద రేడియేటర్ ఎక్కిస్తాండాడని చెప్పు."

ఫోను నేనింకా చెవికాడి నుంచి తియ్యలేదు. ఆ పిల్ల వినింది. "ఉంటానక్కా" అని పెట్టేసింది.