మార్టూరు రాళ్ల యార్డులో విమానం, మస్తాన్ గారికి మిగిలిపోయిన పని

విమానం ఎక్కే యోగం నాకింతవరకు పట్టలేదు. ఆ మాట ఎప్పుడన్నా మా పై వాటాలో ఉండే మస్తాన్ వలీ గారు నవ్వి ఊరుకునేవారు. గుంటూరులో ఫ్రిజ్‌లు బాగుచేసే ఈయన ఒకప్పుడు విమానాశ్రయంలో పనిచేశారు. నష్టాలొచ్చిన కంపెనీలు విమానాలను ఏళ్ల తరబడి ఒక మూల నిలబెట్టేస్తాయట. వాటిని కనిపెట్టుకుని ఉండటమే ఆయన ఉద్యోగం. మొన్న పేపర్లో ఒక విమానం ఫొటో నాకు చూపించారు. "ఆ నంబరు చూడండి మేడమ్, ఇది నేను చూసుకున్న విమానమే," అన్నారు. ఎవరో దాన్ని తుక్కు కింద కొని, హోటల్ పెడదామని మార్టూరు దగ్గర ఒక గ్రానైట్ రాళ్ల యార్డుకి తెచ్చారట. మర్నాడే స్తంభాల మీదకి ఎక్కిస్తారు. "ఈలోపు ఒక్కసారి చక్రం తిప్పి రావాలి," అన్నారు. నేనూ వస్తానన్నాను.

పొద్దున ఆరున్నరకి గుంటూరు బస్టాండులో ఒంగోలు బస్సెక్కాం. చిలకలూరిపేట దాటాక కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి బస్సు బస్సంతా తుమ్ములే. ఎనిమిదింటికి మార్టూరులో దిగి, ఇడ్లీ తిని, మనిషికి యాభై చొప్పున ఆటో మాట్లాడుకున్నాం. దారిలో ఆయన అసలు సంగతి చెప్పారు. నిలబెట్టిన విమానం చక్రాలను పదిహేను రోజులకోసారి కాస్త తిప్పాలి. లేకపోతే బరువంతా ఒకేచోట పడి టైరు నొక్కుకుపోతుంది. మూడేళ్లు ఆయన ఒక్కసారీ తప్పలేదు. సరిగ్గా తిప్పాల్సిన రోజే కంపెనీ మూతపడి, ఆయన్ని గేటు దగ్గర ఆపేశారు. "ఆ తర్వాత ఎవరూ తిప్పి ఉండరు. ఆరేళ్లుగా అదే నిద్ర పట్టనివ్వదు మేడమ్." టైరు గురించి ఇంత బెంగేమిటని మనసులో అనుకున్నాను.

ఆటో యార్డులోకి తిరిగింది. గ్రానైట్ రాళ్ల మధ్య అంత పొడుగున తెల్లటి విమానం, తోక అవతల మిరపచేను. రెక్కలు విప్పి పక్కన పెట్టారు. కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ పట్టేసింది. ఇంత బరువు ఆకాశంలోకి ఎలా లేచిందో అనుకుంటూ అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాను. మస్తాన్ గారు మాత్రం విమానం ముక్కు కింద చక్రాల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. టైరు అడుగున చపాతీ పీటలా చదునైపోయింది. దుమ్ము తుడిస్తే పసుపు గీత బయటపడింది.

"ఎంత తిప్పానో తెలియడానికి నేను పెట్టిన గుర్తే. క్రేనుతో ఎత్తి లారీ మీద తెచ్చినట్టున్నారు, చక్రం తిరగనేలేదు, గీత వదిలేసిన చోటే ఉంది," అన్నారు.

"పెద్దాయనా, లేవండి, పైకెత్తుతున్నాం," అని క్రేన్ నడిపే సుబ్బారావు కేకేశాడు. నేనే వెళ్లి విషయం చెప్పాను. అతను క్రేన్ ఆపి ఇలా అన్నాడు.

"బరువు గాల్లో ఉండగా కింద మనిషిని ఉండనివ్వమమ్మా. రాళ్ల పనిలో మొదట నేర్చుకునేది అదే. జానెడు లేపి, పక్కనుంచే పొట్ట కింద చెక్క దిమ్మెలు తోయిస్తాను. వాటిమీద విమానం ఆనాక తిప్పుకోమనండి."

అలాగే చేశాడు. మస్తాన్ గారు రెండు చేతులా తోశారు, కదల్లేదు. సుబ్బారావు దిగొచ్చి తనూ చెయ్యి వేశాడు. కిర్రుమంటూ చక్రం తిరిగింది, నొక్కుకుపోయిన చోటు పైకొచ్చింది. మస్తాన్ గారు జేబులోంచి సుద్దముక్క తీసి కొత్త గీత గీశారు.

విమానాన్ని చూసి నోరెళ్లబెట్టిన నాకు, ఆ పూట అంతకన్నా పెద్దగా కనిపించింది మాత్రం ఈ మనిషే. తిరుగు బస్సులో చిలకలూరిపేట రాకముందే ఆయన హాయిగా నిద్రపోయారు. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పదిలోపే చేరుకోండి, ఆపైన ఎండకి విమానం రేకు కాలిపోతుంది. ముందు చక్రం మీద సుద్దగీత కనిపిస్తే దయచేసి చెరపకండి.