మెరిసే నట్లు

బస్సు కంటే ముందు దాని చక్రం స్టాపుకు వచ్చేసింది. ఆ చక్రానికి నట్లు కొన్నది నేను. జరిగింది ఇంతే. కానీ ఇక్కడితో ఆపేస్తే తప్పు చక్రానిదే అనుకుంటారు. అందుకని మొత్తం చెబుతున్నాను.

తొంభైల చివరి మాట. బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో ఫ్యాక్టరీలకు స్టాఫ్ బస్సులు నడిపే ఒక చిన్న ట్రావెల్స్‌లో నేను స్టోర్స్, పర్చేజ్ చూసేదాన్ని. ఫ్యాన్ బెల్టు నుంచి సీటు రెక్సిన్ దాకా ఏది కావాలన్నా కొనుక్కొచ్చే పని నాదే. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను కాబట్టి మెషిన్ల సంగతి నాకు తెలుసని మా ఓనరు సారుకు నమ్మకం. ఆయనకంటే నాకు ఇంకా ఎక్కువ నమ్మకం.

ఆ ఏడు ఆయుధపూజకు ఫ్యాక్టరీ మేనేజరు మా షెడ్డుకు వస్తానన్నాడు. ఆ పండగంటే డ్రైవర్లది. బస్సులు కడుగుతారు, చక్రాలకు రంగు వేస్తారు, బంతిపూల దండలు కడతారు, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. ఆసారి సారు కూడా వచ్చి అట్టిబెలె రూటులో తిరిగే బస్సు ముందు నిలబడ్డారు.

"ఆ నట్లు చూడమ్మా, ఎంత నల్లగా ఉన్నాయో. వాటికి కుంకుమ పెడితే ఏం కనిపిస్తుంది? ముందు రెండు చక్రాలకైనా కొత్తవి వేయించు. మెరవాల."

మర్నాడే కలాసిపాళ్యం మార్కెట్టుకు వెళ్ళాను. లారీ సామాన్ల అంగట్లో ఒక పెద్దాయన ఉన్నాడు.

"పాత నట్టు తెచ్చినారా మేడమ్?"

"లేదు, సైజు రాసుకొచ్చాను."

"సైజు ఒకటి సరిపోతే చాలదు. దాని మూతి చూడాల. మీ చక్రంలో బోల్టు రంధ్రం ఎట్లుంది?"

"గుండ్రంగా ఉంది," అన్నాను.

ఆయన నా మొహం ఒకసారి చూసి లోపలికి వెళ్ళాడు. రెండు ట్రేలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకదాంట్లో నల్లటి నట్లు, నూనె మరకలతో, ఒక్కోదాని మీద చిన్న అంకెలు కొట్టి ఉన్నాయి. రెండోదాంట్లోవి తళతళా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే నా బొట్టు దాంట్లో కనిపించింది.

"నల్లవి గట్టివి మేడమ్. లారీలవాళ్ళందరూ అవే పట్టుకుపోతారు."

"మాది లారీ కాదు, బస్సు," అన్నాను. మంచి జవాబు చెప్పాననే అనుకున్నాను. చక్రానికి పది లెక్కన మెరిసేవి ఇరవై ప్యాక్ చేయించుకుని వచ్చేశాను.

ఆ బస్సు డ్రైవరు నాగరాజప్ప. ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టుకున్న మనిషి, ఒక్క యాక్సిడెంటు లేదు. పాత నట్లు విప్పి కొత్తవి బిగించి, స్పానరు చేతిలో పట్టుకునే నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఇవి సరిగ్గా కూసోవడం లే. పాతవే ఏసేస్తా."

"థ్రెడ్ పట్టిందా?"

"పట్టింది."

"స్పానరుతో టైట్ అయ్యాయా?"

"అయినాయి. కానీ..."

"ఇంకేం మరి? పూజకు పాత నట్లేమిటి నాగరాజప్పా," అన్నాను. ఆయన వాక్యం 'కానీ' దగ్గర ఆగిపోయింది. దాన్ని పూర్తి చేయనివ్వడానికి నాకు అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషంలో నేను చేసిన ఇంకో ఘనకార్యం ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

పూజ బాగా జరిగింది. ఎడమ చక్రానికి దండ నేనే కట్టాను. మేనేజరు చక్రాలు చూసి "వెరీ నైస్" అన్నాడు. సారు నా వైపు చూసి తల ఊపారు.

నేనుండేది చందాపురలో. అట్టిబెలె నుంచి వచ్చే అదే బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళేదాన్ని. పండగ అయ్యాక బస్సు తిరగడం మొదలై మూడో రోజు. పొద్దున స్టాపులో పదిహేనుమందిమి నిలబడి ఉన్నాం. రోడ్డు అక్కడ కొంచెం పల్లం. ఎగువ నుంచి ఒక చక్రం ఒంటరిగా వచ్చింది. పద్ధతిగా రోడ్డుకు ఎడమ పక్కనే వచ్చింది. మా ముందు నుంచి వెళ్ళి, నెమ్మదించి, ఎళనీరు అమ్మేవాడి కొబ్బరిబొండాల కుప్పకు ఆనుకుని పడుకుంది. వాడిన బంతిపూల దండ దానికి ఇంకా ఉంది.

ఫ్యాక్టరీలో అసెంబ్లీ సెక్షన్లో పనిచేసే సుజాత మెల్లగా అడిగింది.

"మేడమ్, ఇది మన బస్సుదేనా?"

"అయ్యుండదు," అన్నాను. దండకు నేను వేసిన ముడి నాకు కనబడుతూనే ఉంది.

"మిగిలింది కూడా వస్తాదేమో చూద్దాం అక్కా," అన్నాడు వెనక నుంచి ఎవరో. ఒకరిద్దరు నవ్వారు. నేను అప్పటికే ఎగువకు పరిగెత్తుతున్నాను.

రెండు వందల అడుగుల దూరంలో బస్సు ఎడమవైపు ఒరిగి, ముక్కు నేలకు ఆనించి ఉంది. రోడ్డుకు అడ్డంగా ఉన్న స్పీడు హంపు కోసం నాగరాజప్ప బాగా స్లో చేశాడు. హంపు దాటగానే చక్రం ఊడింది. లోపల ముప్పైమంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒకామె క్యారియరు మూత ఊడి సాంబారు చీరంతా అయింది. ఆమె తిట్లన్నీ కన్నడంలో తిట్టింది. నాకు అన్నీ అర్థమయ్యాయి. అంతకు అయిదు నిమిషాల ముందు, ఖాళీ రోడ్డు మీద బస్సు స్పీడుగా పోతున్నప్పుడు ఈ చక్రం ఊడి ఉంటే, తిట్టడానికి ఆమె ఉండేది కాదేమో.

నాగరాజప్ప అందరినీ దింపి, కుడి చక్రం దగ్గరికి నడిచాడు. ఒక నట్టును వేళ్ళతో తిప్పాడు. తిరిగింది. స్పానరు అక్కర్లేదు, నీళ్ళ సీసా మూతలా తిరిగింది.

"రోజూ పొద్దున బిగిస్తానే ఉండానమ్మా. ఈ పొద్దు కూడా బిగించినా. తిరిగేకొద్దీ వదులైపోతా ఉండాది."

తర్వాత టూల్ బాక్సులోంచి పాత నట్టొకటి తీశాడు. దాని మూతి అంచులు వాలుగా ఉన్నాయి. చక్రంలో రంధ్రం గిన్నెలా లోపలికి వాలి ఉంది. నట్టు అందులో ఇడ్లీ పాత్రలో పిండిలా అచ్చంగా ఇమిడిపోయింది. నా మెరిసే నట్టు పెట్టాడు. దాని కింది భాగం బల్లలా చదును. గిన్నె అంచు మీద కూర్చుంది, లోపలంతా ఖాళీ. ఆ సందులోకి అగ్గిపుల్ల దూర్చి చూపించాడు.

"ఇదే చెప్పాలనుకున్నా," అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మధ్యాహ్నానికి సారు పిలిచారు.

"డ్రైవరు నట్లు చూసుకోలేదన్నమాట. అతన్ని తీసేద్దాం. ఫ్యాక్టరీవాళ్ళకు మనం ఏదో ఒకటి చేసినట్టు కనిపించాలి కదా. నువ్వు రిపోర్టు రాసివ్వు."

చక్రం ఊడిన డ్రైవరంటే మా హోసూరు రోడ్డులో ఇంకెవరూ బస్సు ఇవ్వరు. అది నాకు తెలుసు. టేబుల్ దగ్గర కూర్చుని ఇలా రాశాను: 'వీల్ నట్లు లూజు అయినందువల్ల చక్రం ఊడినది.' అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే దాని గొప్పతనం. నట్లు బిగించేది ఎవరు? డ్రైవరు. చదివినవాళ్ళు ఆ మిగతా సగం వాళ్ళే పూర్తి చేసుకుంటారు, నా చేతికి మసి అంటదు. ఆ ఒక్క వాక్యాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నట్ల విషయంలో చేసింది తెలివితక్కువ పని. ఇది అలాంటిది కాదు, తెలిసి చేస్తున్న పని.

కాగితం చింపేసి ఇంకోటి రాశాను. తప్పు రకం నట్లు కొన్నది నేను, సరిపోవని డ్రైవరు ముందే చెప్పాడు, నేను వినలేదు, అతను రోజూ బిగిస్తూ వచ్చాడు, హంపు దగ్గర స్లో చేసినందువల్ల ముప్పైమంది బతికారు. కింద సంతకం.

సారు రెండుసార్లు చదివారు.

"అంటే ఇప్పుడు నిన్ను తీసేయాలా?"

"అది మీ ఇష్టం సార్. ఆయన్ని మాత్రం తీసేయకూడదు."

"ఫిజిక్స్ చదివావు కదమ్మా నువ్వు."

"వీల్ నట్టు సిలబస్‌లో లేదు సార్."

ఆయన నవ్వలేదు. పది నిమిషాలు తిట్టి, నల్ల నట్లు తెమ్మన్నారు. ఈసారి పాత నట్టు చేత్తో పట్టుకెళ్ళి తెచ్చాను. బిగించడం అయ్యాక నాగరాజప్ప చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఇవి కూర్చున్నాయా?" అని అడిగాను.

"కూసున్నాయమ్మా. కానీ..."

ఈసారి నోరు మూసుకుని నిలబడ్డాను.

"...చక్రం విప్పి ఏసినాక మొదటి ట్రిప్పులో ఒకసారి ఆపి, మళ్ళా బిగించాల. ఎవరూ ఆపనీయరు, టైమైపోతాదంటారు."

అప్పుడు నిర్ణయించుకున్నాను. ఏ బస్సుకైనా చక్రం విప్పి మళ్ళీ వేస్తే, దాని మొదటి ట్రిప్పులో నేనుంటాను. ఆ చక్రానికి దగ్గరి సీట్లో కూర్చుంటాను. దారిలో బస్సు ఆపించి, నట్లు మళ్ళీ బిగించేదాకా కదలనివ్వను.

వారం తిరక్కుండానే ఈ సంగతి స్టాఫ్ అందరికీ తెలిసిపోయింది. నేను ఎక్కి ఒక పక్క కూర్చున్నానంటే చాలు, ఆడవాళ్ళు టిఫిన్ బాక్సులు తీసుకుని అవతలి పక్కకు జరిగేవాళ్ళు. సాంబారు చీర ఆమె అందరికంటే ముందు లేచేది. ఆ ఉద్యోగంలో ఉన్న ఏడేళ్ళూ ఆ మొదటి ట్రిప్పు ఒక్కటీ మానలేదు. ఎంత రష్షున్నా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది.