ఒక లాబ్రడార్ పిల్ల కోసం నల్లగొండ నుంచి పాలమూరుకు, మా అత్తమ్మతో

పోయిన అక్టోబరులో మా ఇంటికి వచ్చిన లాబ్రడార్ పిల్ల ఆరు రోజులే బతికింది. సిగ్గుగా ఉన్నా సరే, ఈ ప్రయాణం సంగతి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. నల్లగొండ కోర్టు దగ్గర నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. రోజంతా సేల్ డీడ్‌లు టైపు చేస్తాను. సర్వే నంబరులో ఒక్క అంకె తేడా ఉన్నా పార్టీని వెనక్కి పంపే మనిషిని. అలాంటిదాన్ని, ఫోన్‌లో ఫొటో చూసి మురిసిపోయి, బస్టాండు బయట ఆగిన కారు డిక్కీలోంచి కుక్కపిల్లను అందుకుని, ఒక్క కాగితం అడగకుండా ఇంటికి తెచ్చాను. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి శ్రావ్య దానికి లడ్డు అని పేరు పెట్టింది. రెండో రోజు ఒళ్లంతా దుమ్ముగా ఉందని నల్లా కింద కూర్చోబెట్టి స్నానం చేయించింది. మూడో రోజు వాంతులు, తర్వాత నెత్తురు విరేచనాలు. పశువుల దవాఖానలో పార్వో అనే అంటుజబ్బు అన్నారు, సెలైన్ పెట్టారు. ఆరో రోజు పోయింది.

తిరిగి ఆటోలో వస్తూ నేను శ్రావ్యతో ఒక మాట అన్నాను. "చన్నీళ్లు పోసి సంపినవు గదనే." డాక్టరు జబ్బు పేరు చెప్పాడు కదా, అయినా ఆ స్నానం వల్లే జబ్బు ముదిరిందని నా మనసులో ఎక్కడో ఉంది. అది నోటి నుంచి జారింది. పిల్ల ఏడవలేదు. తర్వాత రెండుసార్లు బతిమాలాను, నీ తప్పు కాదన్నాను. ఊఁ అంది, అంతే. అప్పటి నుంచి అది ఏ జీవినీ ముట్టుకోదు. పక్కింటి మేకపిల్ల వచ్చి కాళ్ల దగ్గర నిలబడితే చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంటుంది. ఎట్లయినా ఆ చేతులు మళ్లీ ముందుకు రావాలి, అందుకు ఒక ఆరోగ్యమైన పిల్లను తెచ్చి దాని ఒళ్లో పెట్టాలి అని పంతం పట్టాను. అదే రంగు, అదే జాతి. ఈసారి మాత్రం కాగితం మీద కాగితం చూసి తేవాలి.

రెండు చోట్లు ఎంచుకున్నాను. ఒకటి కల్వకుర్తిలో, ఇంకొకటి పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ శివార్లలో. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి నల్లగొండలో కారు కదిలింది. డీజిల్‌తో కలిపి కిరాయి నాలుగున్నర వేలు. బస్సులో కూడా పోవచ్చు, దేవరకొండలో ఒకసారి, కల్వకుర్తిలో ఒకసారి మారాలి. కానీ చంటి కుక్కపిల్లతో బస్సెక్కడం అవతలి వాళ్లకూ దానికీ ఇబ్బందే అనుకున్నాను. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసే మా ఆయన ఆ వారం ఇంట్లో ఉన్నాడు, శ్రావ్యను ఆయనకు అప్పగించాను. ఎక్కడికి పోతున్నానో దానికి చెప్పలేదు.

దేవరకొండ ఖిల్లా గుట్ట మీద ఎండ పడే వేళకు, అంటే ఏడున్నరకు, మా అత్తమ్మ ఎల్లమ్మ తన ఊరి దారిలో నిలబడి ఉంది. ఆమె నలభై ఏళ్లుగా బర్రెలు కొంటూ, సాకుతూ, అమ్ముతూ ఉన్న మనిషి. ఫోన్‌లో విషయం చెప్పినప్పుడు "కుక్కను పైసలిచ్చి కొంటరా పిల్లా? మా ఊర్లెకు రా, గంపెడు పట్టిస్త" అని నవ్వింది. నేను పంతం మార్చుకోకపోయేసరికి, కొనడమంటూ ఉంటే తాను రాకుండా కొనడానికి వీల్లేదంది. సద్ది మూట, నీళ్ల సీసాతో కారెక్కి కూర్చుని పాఠం మొదలుపెట్టింది.

"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నరు. బర్రెను గొన వోతే మూడు పూటలు ఆడనే ఉండి, పాలు పిండంగ జూడాలె. ఒక్క పూట జూసి బయానా ఇచ్చినోడు బాగుపడ్డట్టు నేనైతే ఇనలే."

"కుక్కలకు గూడ గదే లెక్కనా అమ్మా?" అని డ్రైవర్ యాదగిరి నవ్వాడు.

"పాలు తాగే ప్రతి దానికి గదే లెక్క కొడకా."

దేవరకొండ దాటాక రోడ్డు బాగుంది. రెండు పక్కలా పత్తి ఏరేసిన చేలు, ఎండిన కట్టె. తొమ్మిదింపావుకు కల్వకుర్తి చేరాం. అమ్మే అతను ఒక కిరాయి ఇంటి ముందు గదిలో కూర్చున్నాడు. లోపల ఇనుప బోన్లలో నాలుగు జాతుల పిల్లలు. ఫినాయిలు వాసన, దాని కింద ఇంకేదో వాసన. అతను నన్ను ఏమీ అడగలేదు, ఏ రంగు కావాలని తప్ప.

"తల్లేది?" అంది అత్తమ్మ.

"తల్లి హైదరాబాదుల ఉంటదమ్మా, గిదిగో వీడియో" అని అతను ఫోన్ చూపించాడు.

"బర్రెను ఫోన్ల జూపిచ్చి పాలు గిలాసల వోస్తనంటే ఎవ్వడన్న కొంటడా?"

అతను ఆమె మాట విననట్టే నావైపు తిరిగి, పార్టీలు చాలామంది అడుగుతున్నారని, ఇప్పుడే తీసుకుపోతే రేటు తగ్గిస్తానని అన్నాడు. మూలబోనులో లడ్డు రంగు పిల్ల ఒకటి పడుకుని ఉంది, మనుషుల అలికిడికి కూడా లేవడం లేదు. అత్తమ్మ దాన్ని ఎత్తి, పెదవి పైకి తీసి చిగుళ్లు చూసింది, తోక ఎత్తి చూసింది, మెల్లగా కింద పెట్టింది. నాకు మనసాగలేదు. కనీసం ఈ నరకం నుంచి దీన్ని తీసుకుపోదాం అన్నాను. ఆమె నా మోచెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. "జాలికి కొంటే ఆని బోను ఖాళీ అయితది, రేపటికి ఇంకొకటి దెస్తడు. మన జాలి ఆనికి బ్యారం." ఆ మాట నిజమని తెలుసు.

జడ్చర్లలో పదకొండింటికి రోడ్డు పక్క బండి దగ్గర జొన్నరొట్టెలు తిన్నాం. పప్పు, పచ్చిమిరపకాయ తొక్కు, మనిషికి యాభై రూపాయలు. రొట్టె చేసే ఆమె పిండి చరుస్తూనే ఎక్కడికమ్మా అంది. కుక్కపిల్ల కోసం అన్నాను. "గింత దూరమా! మంచి కుక్కనే అయ్యుంటది" అని ఇంకొక రొట్టె వేసింది. అత్తమ్మ తన సద్ది విప్పనే లేదు, వేడి రొట్టె ముందు దానికి విలువ ఎక్కడిది.

పదకొండున్నర దాటాక మహబూబ్‌నగర్ శివార్లలో రెండో ఇంటి ముందు దిగాం. నర్సింహ సార్ బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యారు. రెండే ఆడకుక్కలు, ఏడాదికి ఒక్క ఈత. గేటు తీయకుండానే ఆయన రెండు ప్రశ్నలు అడిగారు.

"ఇయ్యాల ఇంకా ఏడనన్న కుక్కల దగ్గరికి వోయి వచ్చినరా? ఏడాది లోపల మీ ఇంట్ల కుక్కపిల్ల ఏదన్న బీమారితోని సచ్చిపోయిందా?"

నూట అరవై కిలోమీటర్లు వచ్చాను. లోపల వరండా చివర తల్లి కనిపిస్తోంది, దాని చుట్టూ గోధుమరంగు పిల్లలు దొర్లుతున్నాయి. నిజం చెబితే గేటు తెరుచుకోదని అర్థమైంది. "లేదు సార్" అన్నాను.

అత్తమ్మ నన్ను ఒక చూపు చూసింది. "అబద్ధం జెప్తాంది సారు. రెండూ జరిగినయి. పొద్దుగాల కల్వకుర్తిల ఒక పాడు కొట్టంల చెయ్యి వెట్టి వచ్చినం. అక్టోబర్ల ఇంట్ల పిల్ల సచ్చింది, పార్వో అన్నరంట. కొట్టంల గాలికుంటు రోగం ఉన్ననాడు నేను ఏ బర్రెను లోపటికి దోల్కరాలే, ఏ బర్రెను అమ్మలే. ఇది సదువుకున్నది, దీనికి తెల్వకనా?"

నేల చీలితే అందులోకి పోయేదాన్ని. కోర్టు ముందు కూర్చుని తప్పుడు కాగితం టైపు చేయనని గొప్పలు పోయే నేను, ఒక కుక్కపిల్ల కోసం గేటు దగ్గర అబద్ధమాడాను. సార్ కోప్పడలేదు. గేటు బయట చెప్పులు విప్పించారు, మందు కలిపిన నీళ్లతో కాళ్లూ చేతులూ కడిగించారు, వరండా ఇవతలే కుర్చీలు వేశారు. పిల్లలకూ మాకూ మధ్య ఇరవై అడుగులు, ఒక ఇనుప జాలీ తలుపు. అంతకంటే దగ్గరికి రానివ్వలేదు.

అక్కడ మూడు గంటలు కూర్చున్నాం. తల్లి పేరు మల్లి. అది లేచి నడిచింది, పిల్లలకు పాలిచ్చింది, సార్ వచ్చి చెవి పట్టి చూస్తే తోకాడించింది. ఐదు వారాల పిల్లలకు రెండుసార్లు మెత్తటి తిండి పెట్టి, గిన్నెలు ఆయనే కడిగారు. అత్తమ్మ కళ్లు ఆర్పకుండా చూసింది. "తల్లి పక్కలు నిండుగున్నయి. పిల్లల పెంట గట్టిగున్నది" అని నా చెవిలో ఖరారు చేసింది. నేను కాగితాలు చూశాను, ఒక్కొక్క తేదీ. మల్లి తుంటి ఎక్స్‌రే, టీకాల పుస్తకం, రిజిస్ట్రేషన్ పత్రం, వంశం రాసిన కాగితం. ఎక్కడా దిద్దుడు లేదు. ఆయన కూడా నన్ను వదల్లేదు. ఇంటి వెనుక జాగా ఎంత, పగలు ఎవరు ఉంటారు, ఊరికి పోతే ఎవరు చూస్తారు, శ్రావ్యకు ఎన్నేళ్లు. మా అమ్మాయి పెళ్లిచూపులకు కూడా ఇన్ని ప్రశ్నలు రావేమో.

చివరికి ఉండబట్టలేక, ఇవాళే ఇస్తే ఏమవుతుంది సార్ అని అడిగేశాను.

"ఎనిమిది వారాలు నిండకుంటె ఎవ్వరికీ ఇయ్య, అది నిబంధన గూడ. మీకైతే ఎనిమిది వారాలకు గూడ ఇయ్య చెల్లె. మీ వాకిలి మట్టిల ఆ బీమారి పురుగు ఇంకా ఉంటది, ఏడాది దాంక ఉండొచ్చు. బండలు, గిన్నెలు బ్లీచింగ్‌తోని కడగండి. పిల్లకు అన్ని టీకాలు అయ్యి నాలుగు నెలలు నిండేదాంక నా దగ్గరనే ఉంటది. అప్పటిదాంక రెండుసార్లు వచ్చి చూసి పోండి, కిరాయి బరువైతే బస్సుల రండి."

అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "మూడు పూటలు అన్న గదనే! ఇయ్యనన్నోని తాననే కొనాలె."

లేవబోతూ, నాలుగు నెలలుగా గొంతులో ఉన్నది అడిగాను. రెండో రోజు చన్నీళ్లతో స్నానం చేయిస్తే పార్వో వస్తుందా సార్ అని.

"వాంతులు ఎన్నో దినం అయినయి?"

"మూడో దినం."

"గా బీమారి ఒంట్ల జొర్రినంక బయటపడనీకె తక్కువల తక్కువ మూడు నాలుగు రోజులు వడ్తది. మీ చేతికి వచ్చేటప్పటికే అది దాని కడుపుల ఉన్నది. నీళ్లు పోసినా పోయకున్నా గంతే. ఎవరు పోసిన్రు?"

మా అమ్మాయి అన్నాను. ఆటోలో నేనన్న మాట కూడా చెప్పాను. ఏడుపు ఆగలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆ సంగతి కాగితం మీద రాసివ్వండి సార్ అన్నాను. నా మాట మీద పిల్లకు నమ్మకం పోయింది, ఇక కాగితమే దిక్కు. ఆయన నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి, బడిపిల్లలకు అర్థమయ్యేలా గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశారు.

మూడింటికి బయలుదేరి వచ్చిన దారినే ఏడింటికి ఇల్లు చేరాం. అత్తమ్మ దేవరకొండలో దిగలేదు, మనవరాలిని చూడాలంది. శ్రావ్య గేటు దగ్గర నిలబడి మమ్మల్ని చూసి "ఏడికి వోయిన్రు?" అంది. చెప్పాను. ఖాళీ సీటు వంక చూసింది. కాగితం చేతికిచ్చాను. లైటు కింద నిలబడి, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది. "శ్రావ్యకు, మీ లడ్డుకు బీమారి మీ ఇంటికి రాకముందే అంటింది. స్నానం వల్ల కాదు. నువ్వు చేసిన తప్పు ఏమీ లేదు."

"అయితే అమ్మా, నేను సంపలేనా?"

"లేదు బిడ్డా. నేను అన్నది తప్పు. అడగకుంట కొనుక్కొచ్చింది నేను."

అది కాగితాన్ని మడిచి బడిసంచిలో, లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే.

పిల్లను తేవడానికి పోయి ఖాళీ చేతులతో వచ్చిన ప్రయాణం ఇది, అయినా నా లెక్కలో ఇంతకంటే నిండు ప్రయాణం లేదు. మంచివాళ్లను వెతుకుతూ పోయాను గానీ, నేను ఎంత మంచిదాన్నో వాళ్లే తిరిగి అడుగుతారని అనుకోలేదు. మే నెల దాకా ఆగుతాం. ఇలాంటి పని మీద బయలుదేరేవారికి ఒక్క సలహా: ఒకే రోజు రెండు చోట్లకు పోకండి, కిరాయి కలిసొస్తుందని నేను చేసిన పని అదే. చెడ్డ చోటి నుంచి మంచి చోటికి జబ్బును మోసుకుపోయేది మన చేతులూ చెప్పులే. మంచి వాళ్లను ఎంచుకుని, ఒక రోజు వాళ్లకే ఇచ్చి, తల్లి కనిపించే చోట కూర్చోండి.

మర్నాడు పొద్దున అత్తమ్మా నేనూ వాకిలి బండలు బ్లీచింగ్‌తో కడుగుతుంటే పక్కింటి మేకపిల్ల గోడ పక్కగా వచ్చి శ్రావ్య కాళ్ల దగ్గర నిలబడింది. నేను చీపురు ఆపాను. శ్రావ్య కాసేపు దాన్ని చూసి, కూర్చుని, రెండు చేతులతో దాని మెడ పట్టుకుంది.