గ్యారంటీ చీర మీద నా దావా

కొన్న సరుకు చెడిపోతే దుకాణదారుణ్ణి కాక మన జాతకాన్ని తిట్టుకునే కాలం అది. పాలలో నీళ్లుంటే గేదె తప్పు, బియ్యంలో రాళ్లుంటే పొలం తప్పు. 'వినియోగదారుడు' అనే బరువైన మాట అప్పటికి మా చెవిన పడలేదు, మేమంతా ఒట్టి గిరాకీలం. దుకాణాల్లో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు దేవుడి పటం పక్కనే వేలాడుతుండేది. (రెంటికీ కలిపి ఒకే అగరుబత్తి.) మేమూ రెంటినీ ఒకే భక్తితో చూసేవాళ్లం. అరవయ్యో దశకం సగం దాటిన అలాంటి రోజుల్లో, ఇరవై రెండేళ్ల నేను ఆబిడ్స్‌లోని ఒక పెద్ద బట్టల దుకాణం మీద కోర్టుకెక్కాను. ఇప్పుడు చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మరు.

నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక ఆడపిల్లల బడిలో కొత్తగా టీచరుగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి, నా పాఠం విని, బాగుందని రాస్తేనే అది నిలుస్తుంది. ఆ రోజు కట్టుకోవడానికి మంచి చీర ఉండాలని అమ్మ నన్ను ఆబిడ్స్‌కు తీసుకెళ్లింది. ఆ దుకాణం సేటును అందరూ 'గ్యారంటీ సేటు' అనేవాళ్లు. మంచినీళ్లిచ్చినా గ్యారంటీ అనే ఇచ్చే మనిషి. నేనేమో ఒక చిలకాకుపచ్చ చీర చూసి మనసు పారేసుకున్నాను. అమ్మ మాత్రం అంచు నలిపి చూసి, "రంగు పోతదా సేట్?" అని అడిగింది. "పోవుడా!" అన్నాడాయన, తన పరువు తీసినట్టు. "అమ్మా, చీర చినిగిపోతది గని రంగు పోదు. రేపు మీ మనవరాలు గూడ ఇదే కట్టుకుంటది. గ్యారంటీ!"

మనవరాలి దాకా ఎందుకు, ఇన్‌స్పెక్షను నాటి పొద్దున్నే బస్సు దిగి బడికి నడుస్తుంటే వాన పట్టుకుంది. గొడుగు లేదు. తడిసి ముద్దయి, పమిట పిండుకుని, పరుగున క్లాసులోకి వెళ్లి పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు పాఠం (దేవుడికి కూడా హాస్యం తెలుసనడానికి ఇంతకంటే రుజువేం కావాలి) 'ఆకులు పచ్చగా ఎందుకుంటాయి?'. నల్లబల్ల మీద రాస్తున్న సుద్దముక్క పచ్చబడింది. నుదురు తుడుచుకున్నాను, పిల్లలు కిసుక్కుమన్నారు. మెడ తుడుచుకున్నాను, వెనక బెంచీ అంతా ఘొల్లుమంది. నాకేమీ అర్థం కాక, "ఆకులకు ఆ రంగునిచ్చేది పత్రహరితం" అని మరింత గట్టిగా చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న ఒక బుజ్జి పిల్ల లేచి, ఎంతో వినయంగా, "టీచర్, మీకు గూడ పత్రహరితం ఉన్నదా?" అని అడిగింది. అప్పుడు చూసుకున్నాను నా చేతులు. మోచేతుల దాకా నేనొక తోటకూర కట్టనయ్యాను. ఇన్‌స్పెక్టరమ్మ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. పెద్ద టీచరమ్మ నన్ను గదిలోకి పిలిచి, "ఆమె మళ్లొస్తరట. గప్పటిదాంక నీ నౌకరి సంగతి నేనేం చెప్పలేనమ్మా" అంది. సాయంత్రం గేటు దాటేసరికి నా పేరు 'పత్రహరితం టీచర్'గా మారిపోయింది.

మర్నాడు అమ్మా నేనూ చీర మూట కట్టుకుని దుకాణానికి వెళ్లాం. సేటు చీర విప్పి చూసి, చాలా బాధపడ్డట్టు తలాడించాడు. "వానల తడిపిన్రు గదమ్మా! చీరను ఎవరన్న నీళ్లల్ల తడుపుతరా?"

"మరి ఉతకొద్దా?" అంది అమ్మ.

"నేను కట్టుకోనీకె అమ్మిన. ఉతకనీకె అమ్మిన్నా?" అని, నా వైపు తిరిగి, దుకాణంలోని ఆడవాళ్లందరికీ వినబడేలా, "అమ్మా, ఏమనుకోకు. కొందరి చెమట మంచిగుండది. గసోంటి ఒంటి మీద ఏ రంగూ నిలవది" అన్నాడు. ఆపైన బోర్డు వైపు వేలు చూపించాడు. చీరలు చూస్తున్న ఆడవాళ్లంతా నన్ను చూశారు. నాకు దగ్గరగా నిలబడ్డ ఒకావిడ కొంచెం పక్కకు జరిగింది కూడా. చీర పోయినందుకు కాదు, ఉద్యోగం ఊగుతున్నందుకూ కాదు, ఆవిడ అలా జరిగినందుకు నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి కోర్టుకు పోతానన్నాను. నాయిన ఒక ఆఫీసులో గుమాస్తా, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. "పెద్దోళ్లతోని మనకెందుకు బిడ్డా? నలుగురు నవ్వుతరు" అన్నాడు. "నవ్వుడు అయిపోయింది నాయినా, ఇంక కొత్తగ నవ్వేటోళ్లెవరున్నరు?" అన్నాను.

మా మేనత్త కొడుకు అప్పుడే వకీలయ్యాడు. నాంపల్లిలో ఒక ఇరానీ హోటలు మీది గదిలో బోర్డు పెట్టుకుని, కేసుల కోసం ఎదురుచూస్తూ కింది నుంచి చాయ్ తెప్పించుకుని తాగుతుండేవాడు. (అప్పటికి ఆయన వాదన విన్నది ఆ చాయ్ తెచ్చేవాడొక్కడే.) నేను కథంతా చెప్పి, "గని బావా, వాపసు తీసుకోబడదని బోర్డున్నది గద" అన్నాను. బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "బోర్డు రాసుకుంటె చట్టమైతదా? నేను ఈ తలుపు మీద 'ఈడ కిరాయి కట్టబడదు' అని రాసుకుంట, ఓనరు ఊకుంటడా? గ్యారంటీ అని నమ్మిచ్చి అమ్మినంక సరుకు గట్ల లేకుంటె కొన్నోళ్లకు హక్కుంటది పిల్లా! ఆ చట్టం ఎప్పటిసందో ఉన్నది. అడిగేటోళ్లు లేక పండుకున్నది" అన్నాడు. నోటీసు పంపాం. సేటు దాన్ని చదివించుకుని నవ్వాడట. సేటు అన్న చెమట మాట కూడా రాసి దావా వేశాం.

సేటు ఊళ్లో పేరున్న పెద్ద వకీలును పెట్టాడు. మా బావ వేసుకున్న కోటు ఆయనది కాకపోవడంతో భుజాల మీంచి జారింది. కానీ బోనులో అమ్మ మాత్రం వంటింట్లో నిలబడ్డట్టే నిలబడింది. "సేటు గ్యారంటీ అన్న మాట నిజమేనా?" అని జడ్జిగారడిగితే, "ఒక్కసారంటె నేను కొంటనా సార్? మాటమాటకు అంటనే ఉండె" అంది. పెద్ద వకీలు లేచి, "మీరు చీరను ఉడుకు నీళ్లల్ల నానబెట్టిన్రు, అవునా?" అని గద్దించాడు. "వానను ఎవరు ఉడకబెట్టిన్రు సార్?" అంది అమ్మ. జడ్జిగారు కలం కింద పెట్టి, కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

పెద్ద వకీలుకు పౌరుషం వచ్చింది. చీర ఎత్తిపట్టుకుని, "చూడండి, ఇప్పటికీ ఎంత పచ్చగ ఉన్నదో! రంగు పోయిన చీర ఇట్లుంటదా?" అన్నాడు. "అయితే చూద్దాం" అని జడ్జిగారు బంట్రోతుతో బకెట్టు నీళ్లు తెప్పించారు. సేటు మొహం చూస్తే ఆ వకీలు అక్కడే ఆగిపోయేవాడు. కానీ ఆయనకు వెనక్కి చూసే అలవాటు లేదు. చేతులు పైకి మడిచి, చీరను బకెట్లో ముంచి, పైకీ కిందికీ ఆడించి, గట్టిగా పిండి, విజయగర్వంతో జడ్జిగారి వైపు తిరిగాడు. ఎండాకాలం కదా, నుదుటి చెమట తుడుచుకున్నాడు. మెడ దగ్గరి తెల్లని పట్టీలు సర్దుకున్నాడు. పచ్చని చేతులు, పచ్చని నుదురు, పచ్చని పట్టీలు. వానలో పోయింది సగమే మరి! జడ్జిగారు ఎంతో మర్యాదగా, "వకీల్ సాబ్, మీ చెమట గూడ మంచిది కాదా?" అన్నారు. ఇంక ఆ హాలు హాలు కాదు. బంట్రోతు గోడకు ఆనుకుని నవ్వాడు. మా నాయిన, ఆ మొహమాటపు నాయిన, తొడ మీద చరుచుకుని మరీ నవ్వాడు.

చీర ధరా, కోర్టు ఖర్చులూ సేటు ఇచ్చుకోవాలని తీర్పు వచ్చింది. గ్యారంటీ అని నోటితో అన్నాక గోడ మీది బోర్డు ఆ మాటను మింగెయ్యలేదని జడ్జిగారు స్పష్టంగా చెప్పారు. కబురు నాంపల్లి దాటి, బేగం బజార్ మీదుగా, మా కంటే ముందే ఇల్లు చేరింది. మర్నాడు ఆబిడ్స్‌లో ఆ దుకాణం ముందు ఆడవాళ్లు మూటలతో బారులు తీరారు, ఎరుపు కారినవాళ్లు ఒక పక్క, నీలం కారినవాళ్లు ఇంకో పక్క. పండగలా ఉందని చూడ్డానికి వెళ్లిన నన్ను సేటు గుర్తుపట్టి, రెండు చేతులూ జోడించి, "అమ్మా, నువ్వు జర రాకు తల్లీ. ఏం గావాల్నో చెప్పు, ఇంటికే పంపిస్త" అన్నాడు. గోడ మీద దేవుడి పటం ఒంటరిగా ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ మళ్లీ వచ్చి, నా పాఠం పూర్తిగా విని, ఉద్యోగం ఖాయం చేసింది. పెద్ద టీచరమ్మ నన్ను మళ్లీ గదిలోకి పిలిచింది. మళ్లీ ఏం ముంచుకొచ్చిందో అనుకుంటూ వెళ్తే, తలుపు దగ్గరికి వేసి, బల్ల కింద నుంచి ఒక టేబుల్ ఫ్యాను తీసి, "కొన్ననాటి సంది తిరుగుతలేదు. మీ బావకు జర చూపిస్తవా?" అంది. బావ గదిలో ఆ తర్వాత కుర్చీలు చాలలేదు.

ఎన్నో ఏళ్లకు మనలాంటివాళ్ల కోసమే వేరే కోర్టులొచ్చాయి, 'మేలుకో వినియోగదారుడా' అంటూ గోడల మీద రాతలొచ్చాయి. మొన్న హిమాయత్‌నగర్‌లో చెప్పులు కొన్నాను. వీధి మలుపు తిరగకముందే పట్టీ తెగింది. వెనక్కి వెళితే కౌంటరు దగ్గరి అమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండా, "మీరు జోరుగ నడిచినట్టున్నరు ఆంటీ" అంది. నేనేమన్నానో తెలుసా? "అవునమ్మా, ఇంకమీద మెల్లగ నడుస్తలే" అన్నాను. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఆటో ఎక్కాక గానీ నా మాట నాకు వినబడలేదు. ఒకటే నవ్వొచ్చింది, కొంచెం కళ్లు కూడా చెమర్చాయి. ఆనాటి ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గనక పక్కన కూర్చుని ఉంటే, ఆ దుకాణాన్ని వదిలేసి, ముందు నాకే నోటీసు పంపేది.