సున్నా అంటే సున్నాయేనా

మా బ్లడ్ బ్యాంకులో అందరూ ఆవిడను చీపురమ్మ అంటారు. చీపురు పట్టదు, కంప్యూటర్లో ఉన్న డేటాబేస్‌ను ఊడ్చి శుభ్రంగా ఉంచడం ఆవిడ ఉద్యోగం. ఎదురు బల్ల దగ్గర ఫోన్లు ఎత్తే నేను మాత్రం అక్కా అని పిలుస్తాను.

ఆ డేటాబేస్ నిండా ఇండెక్సులే. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుంది చూడండి, అలాంటివే ఇండెక్సులు. వెతికేది చటుక్కున దొరకాలని పెడతారు. వచ్చిన ప్రతి అధికారీ తన పేరు చెప్పుకోవడానికి ఒకటి పెట్టించాడు, పోయేటప్పుడు తీయించినవాడు ఒక్కడు లేడు. రక్తపు సంచుల పరీక్ష వివరాలు నలభై జీబీ అయితే, వాటి మీద ఇండెక్సులు తొంభై జీబీ! ఒకే పనికి మూడేసి. కొత్త సంచి వివరం ఎక్కించిన ప్రతిసారీ అవన్నీ దిద్దుకోవాలి కాబట్టి ల్యాబువాళ్ళు తెర ముందు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవారు. ఛీ, అదొక చెత్తకుండీ.

అక్క నెలనెలా జాబితా తీసేది. ఏ ఇండెక్సు ఎంత చోటు తింటోంది, ఎన్నిసార్లు పనికొచ్చింది, రెండూ పక్కపక్కన. చోటు బోలెడు తిని వాడకం సున్నా అని కనబడినా వెంటనే చెయ్యి వేసేది కాదు.

"లెక్క ఎప్పట్నుంచి మొదలైందో ముందు చూడాలే. నిన్న మొదలైతే ఆ సున్నాకి అర్థమేముంది?" అనేది. నెలల తరబడి ఆగి, అందరినీ అడిగి, అప్పుడు తీసేది. అలా ఏడింటిని వదిలించింది. ఒక్కరికీ ఇబ్బంది రాలేదు.

మా పెద్దసారుకు అంత ఓపిక ఎక్కడేడ్చింది? మూడోవంతు చోటు శుక్రవారంలోగా ఖాళీ చేయాలని పైనుంచి మాట వచ్చింది. అంతకుముందే, మంగళవారం, డేటాబేస్‌ను కొత్త మిషన్‌లోకి మార్చారు. దాంతో వాడకం లెక్కలన్నీ మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యాయి. గురువారం వాళ్ళమ్మ కంటి ఆపరేషన్‌కని అక్క సెలవు పెట్టింది. సారు వచ్చి ఆవిడ కుర్చీలోనే కూర్చుని జాబితా తెరిచాడు. అరుదైన రక్తం వెతికే ఇండెక్సు, పదకొండు జీబీ, వాడకం సున్నా.

"సార్, అక్కకి ఒక్క ఫోన్ చేసి అడగండి," అన్నాను.

"సున్నా అంటే సున్నాయేనమ్మా. దీనికి మళ్ళీ అక్కెందుకు?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం. మొహమంతా నవ్వుతో తీసి పారేశాడు. అది ఏడాదికి నాలుగైదుసార్లే పనికొచ్చేది నిజమే. పనికొచ్చిన రోజు మాత్రం ఎవరికో ప్రాణం మీదకు వచ్చి ఉండేది.

శుక్రవారం పొద్దున పదిన్నరకు ఆసుపత్రి నుంచి ఫోన్. కాన్పయిన ఆవిడకు రక్తం ఆగడం లేదు, ఎక్కడా దొరకని రకం కావాలి. నర్సు వివరాలు చెప్పి ఫోన్ భర్తకిచ్చి పరిగెత్తింది. సెలవు ముగించుకుని వచ్చిన అక్క వెతికే పేజీ నొక్కింది. అది అర నిమిషం తిరిగి, సమయం మించిందని ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. ఇండెక్సుల జాబితా తెరిచి చూసింది. అరుదైన రక్తానిది అందులో లేదు.

"ఎవరే తీసింది?"

సారు గదివైపు చూపించాను. ఇండెక్సు మళ్ళీ కట్టాలంటే అరగంట. అక్క ఆ పేజీని వదిలేసి నేరుగా డేటాబేస్‌నే అడిగింది. ఆరు కోట్ల వరుసలు మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటే చూసుకుంటూ రావాలి.

"దొరికిందా అమ్మా?" అంటున్నాడు భర్త ఫోన్లో. "వెతుకుతున్నామండీ," అంటున్నాను. ఎన్నిసార్లన్నానో!

గొడవ విని సారు బయటికొచ్చాడు. "నిమిషాలే కదా, కొంపలేం మునిగిపోవు," అన్నాడు. అక్క నా చేతిలోని రిసీవర్ లాక్కుని ఆయన చేతిలో పెట్టింది.

"ఆ మాట ఆయనకే చెప్పండి."

సారు గొంతు సవరించుకున్నాడు. "నేనిక్కడ పెద్ద అధికారినండీ. కంప్యూటర్ కొంచెం మొరాయిస్తోంది. నేనే దగ్గరుండి చూస్తున్నాను... అయ్యయ్యో, దండాలెందుకండీ, ఇది మా డ్యూటీ."

సిగ్గూ శరం ఉన్నవాడు అనగలిగే మాటేనా అది?

ఏడో నిమిషంలో తెలిసింది, ఊరవతల మా శాఖలో రెండు సంచులున్నాయని. బండి పరుగెత్తింది. ఆవిడ బతికింది, కానీ గర్భసంచి తీసేశారు. ఇంకాస్త ముందు అందుంటే తీయాల్సిన పనిలేకపోయేదేమోనని డాక్టరు అన్నాడట. ఆ మాట నర్సు నాకు ఫోన్లో చెప్పింది.

సోమవారం అక్కను సంజాయిషీ ఇవ్వమని హెడ్డాఫీసుకు పిలిపించారు. తప్పు ఆవిడదేనని రాసి పంపింది ఎవరో చెప్పక్కర్లేదు. ఆవిడ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ సాయంత్రం తేలాలి. సరిగ్గా అప్పుడే ఆ భర్త వచ్చాడు. సారువి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. సారు అద్దుకోనిచ్చాడు.

తర్వాత ఆ భర్త నా బల్ల దగ్గరికొచ్చాడు. నా గొంతు గుర్తుపట్టాడు.

"అమ్మా, ఎప్పుడూ ఇంతసేపు పడుతుందా వెతకడానికి?"

ఆయన వెనకాల సారు నావైపే చూస్తున్నాడు. నిజం నోటి చివరిదాకా వచ్చింది. నేను రిసీవర్ ఎత్తి, మోగని ఫోన్లో "హలో" అన్నాను.