టీచరమ్మ విప్పి చెప్పిన ఇంగ్లీషు మాట

పంజాగుట్టలో ఉండే మా టీచరమ్మ పోయిన బుధవారం కన్ను మూశారు. పక్కింటి అమ్మాయి అమీర్‌పేట దాకా నడిచొచ్చి కబురు చెప్పింది. "పొద్దుగాల చాయ్ తాగింది. పేపర్ తెమ్మన్నది. తెచ్చేసరికి లేదక్కా" అంది.

ఆమె క్రైస్తవ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుని అలాగే తిరిగేవారు. మాటలంటే పిచ్చి. గంప దించిన కూరగాయలామెను పట్టుకుని, "టమాట అన్న మాట సముద్రాలు దాటొచ్చింది, ఎరికేనా?" అని అడిగేవారు. "ముందుగాల తీసుకుంటవా లేదా చెప్పమ్మా" అనేది ఆమె.

ఆమె నాకు పరిచయమైంది ఒక టెలిగ్రాం వల్ల. మగ్గం వదిలి పట్నం వచ్చిన మా నాన్న అమీర్‌పేటలో దర్జీ పని చేసేవాడు. కాజీపేటలో రైల్వే గుమాస్తాతో నాకు పెళ్ళి మాటలయ్యాయి. ఖాయం చేసుకోవడానికి ఆదివారం అతను రావాలి. శుక్రవారం ఇంగ్లీషులో టెలిగ్రాం వచ్చింది. నాలుగే మాటలు: "మ్యాచ్ ఆఫ్. కమింగ్ సండే."

మా వీధిలో ఇంగ్లీషు వచ్చిన పెద్దమనిషి చదివి, "మ్యాచ్ అంటే సంబంధం. ఆఫ్ అంటే బంద్. వద్దంటున్నరు" అని తేల్చేశాడు. అమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది. నాన్న సగం కుట్టిన నా రవికెను మడిచి పక్కన పెట్టాడు. అతన్ని నేను ఒక్కసారే చూశాను, కానీ మనసులో ఒప్పేసుకున్నాను. ఆ మాట ఎవరితో చెప్పను?

నాన్నకు నమ్మకం చాలక, నన్ను వెంటబెట్టుకుని టీచరమ్మ దగ్గరికి పోయాడు. ఆమె రెండుసార్లు చదివి, లావుపాటి నిఘంటువు తెరిచారు.

"గీ మాటకు మస్తు అర్థాలున్నయి. అగ్గిపుల్లను సుత మ్యాచ్ అంటరు. అది దీపం వత్తికి ఫ్రెంచోళ్ళు చెప్పే మాట. పెండ్లి సంబంధం, రంగుకు రంగు కలుసుడు, ఆట పోటీ, గివి వేరే మాట నుంచి పుట్టినయి. పాత ఇంగ్లీషుల దానికి జోడు అని అర్థం."

"అగ్గిపుల్ల నాకెందుకమ్మా? నా బిడ్డ పెండ్లి అయితదా, కాదా?"

"నాకు తెల్వదు" అన్నారామె. నాన్న ముఖం వాడిపోయింది. ఆమె కాగితం మీద వేలు పెట్టారు. "కానీ దాని ఎనక ఆదివారం వస్తున్న అని ఉన్నది, సూడుండ్రి. వద్దనుకున్నోడు ఆదివారం ఎందుకొస్తడు? గప్పటిదాంక ఎవరికీ ఏం చెప్పకుండ్రి."

కళ్ళు తుడుచుకుంటూనే అడిగాను: "జోడు అన్న మాట ఆట ఎట్లయిందమ్మా?"

ఆమె కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. "సరిజోడు ఇద్దరు ఎదురుంగ నిలబడితెనే కదా ఆట! ఏడ్సుకుంట సుత అడుగుతున్నవ్. సోమవారం నుంచి రా, చదువు చెప్త."

ఆదివారం అతను వచ్చాడు. తమ రైల్వే జట్టు హాకీ పోటీ ఆగిపోయిందట, అందుకే రాగలిగాడట. పోటీ ఉంది కనుక రాలేనని ముందుగా రాసిన కార్డు మాకు సోమవారం చేరింది! ఆ కార్డు పట్టుకునే మొదటి పాఠానికి పోయాను. టీచరమ్మ పడి పడి నవ్వారు. పెళ్ళయి, ఆయన పట్నానికి బదిలీ అయ్యాక కూడా ఆమె దగ్గర చదువు మానలేదు. ఏదైనా ఊహించి చెబితే ఒప్పుకునేవారు కాదు. "తెల్వదని చెప్పుడు నేర్సుకో బిడ్డా. గప్పుడే పుస్తకం తెరుస్తవ్" అనేవారు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అందరం ఆమె ఇంటికి వెళ్ళాం. వరండాలో నల్లబల్ల మీద ఆమె సుద్దతో రాసింది అలాగే ఉంది. పైన స్ప్రింగ్ అన్న ఇంగ్లీషు మాట. కింద ఒకటి, వసంతం. రెండు, ఊట. మూడు, చుట్టతీగ. నాలుగో అంకె వేసి వదిలేశారు. ఆ అర్థం నాకు తెలుసు, దూకడం. సుద్దముక్క తీసుకున్నాను కానీ, రాయడానికి చేయి రాలేదు.